నెత్తళ్ల నీళ్లు, స్టీలు పుల్లలు: కొరియా వెళ్లే పిల్లలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో కాలేజీ బృందాలతో కొరియా వెళ్తున్న విద్యార్థులు రాసినవి కొన్ని, వాళ్ల అమ్మానాన్నలు రాసినవి అంతకంటే ఎక్కువ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన వాటిలో ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాం.

మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో ఏడు. కాలేజీ వాళ్లతో తొమ్మిది రోజులు సియోల్ వెళ్తోంది. మేం గుడ్డు కూడా ముట్టం. ‘కిమ్చీ అంటే క్యాబేజీ పచ్చడేగా, అన్నంలో కలుపుకుని గడిపేస్తానులే’ అంటోంది. గడుస్తుందా?
– ఒక తల్లి, కావలి

కిమ్చీని నమ్ముకుంటే గడవదమ్మా. మామూలు కిమ్చీలో క్యాబేజీతో పాటు రెండు చేప సరుకులు పడతాయి. ఒకటి సేఉజొత్, అంటే ఉప్పులో ఊరబెట్టిన చిట్టి రొయ్యలు. రెండోది ఎక్‌జొత్, చేపల్ని నెలల తరబడి ఉప్పులో మగ్గబెట్టి వడకట్టిన రసం. రెండూ కారంలో కలిసిపోతాయి కాబట్టి కంటికి కనపడవు. దానికంటే పెద్ద చిక్కు చారు నీళ్లతో వస్తుంది. మనం పప్పుకట్టుతో చారు పెట్టినట్టు, వాళ్లు ఎండబెట్టిన మ్యొల్చిని, సముద్రపు నాచును కలిపి మరిగించి ఆ నీళ్లతో చారు, పులుసు, నూడుల్స్ అన్నీ చేస్తారు. మ్యొల్చి అంటే మన నెత్తళ్లే. తోఫు పులుసు, సోయా ముద్ద పులుసు పేరుకు శాకాహారంలా వినిపిస్తాయి, అడుగున మాత్రం ఈ నెత్తళ్ల నీళ్లుంటాయి.

‘నేను వెజిటేరియన్’ అని ఊరుకుంటే చాలదు. పైకి కనిపించే మాంసం ముక్కలు తీసేసి ఇస్తే సరిపోతుందని చాలా హోటళ్ల వాళ్లు నిజాయితీగానే అనుకుంటారు. ఏది వద్దో పేరు పెట్టి చెప్పాలి. ‘ప్పేజుసెయో’ అంటే ‘తీసేసి ఇవ్వండి’. గోగీ మాంసం, సెంగ్‌సన్ చేప, గ్యేరాన్ గుడ్డు, హేమ్ అంటే హామ్. ‘గోగీ, హేమ్, గ్యేరాన్ ప్పేజుసెయో’ అని నాలుగు సార్లు ఇంట్లోనే పలికించండి. నెత్తళ్ల నీళ్లు, చేప రసం, రొయ్యలు కూడా తినను అని కొరియన్ లిపిలో ఒక చీటీ రాయించి ఫోన్లో ఫొటోగా పెట్టుకోమనండి. మాటకంటే చీటీయే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే దాన్ని వంటగదిలోకి తీసుకెళ్లి చూపిస్తారు.

తినగలిగినవీ ఉన్నాయి. బిబింబాప్ అంటే అన్నం మీద అయిదారు రకాల కూరగాయలు పేర్చి, గోచుజాంగ్ అనే మిరప ముద్దతో కలుపుకునేది. మాంసం, గుడ్డు తీసేయమంటే తేలిగ్గా తీసేస్తారు. ఆ మిరప ముద్దను కొన్నిచోట్ల గొడ్డుమాంసం కైమాతో వేయించి పెడతారు కాబట్టి దాని సంగతి కూడా అడగాలి. గుమ్మడికాయ జావ హోబక్‌జుక్, ఎర్ర చిక్కుడు గింజల జావ పత్‌జుక్, ఎండాకాలమైతే చల్లటి సోయాపాలలో నూడుల్స్ వేసిచ్చే కొంగ్‌గుక్సు చాలావరకు ఇబ్బంది లేనివి. వీధిలో చేప ఆకారంలో అమ్మే బుంగొప్పాంగ్ చూసి కంగారు పడొద్దు. అందులో చేప ఉండదు, ఎర్ర చిక్కుళ్ల తీపి పూర్ణం ఉంటుంది. పిండిలో మాత్రం గుడ్డు కలుపుతుంటారు. మీ ఇంటి పట్టింపుకు అది అడ్డమే.

ఒక పూటైనా గుడి భోజనం తినమనండి. బౌద్ధ ఆలయాల వంటలో మాంసం, చేప ఉండవు. వెల్లుల్లి, ఉల్లి జాతి కూడా వాడరు. వాళ్లు నిషేధించిన ఘాటు దినుసులు అయిదు. నాలుగు ఉల్లి, వెల్లుల్లి జాతివి. అయిదోది హుంగొ, అంటే మన ఇంగువే! కొరియా నేలలో పండకపోయినా బౌద్ధ గ్రంథాల వెంట నిషేధం మాత్రం అక్కడికి చేరింది. సియోల్ నడిబొడ్డున జోగ్యేసా ఆలయం చుట్టుపక్కల ఇలాంటి భోజనశాలలు ఉన్నాయి.

సూట్‌కేసులో ఏం పెట్టుకోవచ్చు? ఆవకాయ, కందిపొడి, రొయ్యల పచ్చడి అన్నీ అమ్మ సర్దేసింది.
– ఒక విద్యార్థి, సింగరాయకొండ

ఆవకాయ, గోంగూర, కందిపొడి తీసుకెళ్లొచ్చు. అయితే చెక్-ఇన్ సామానులోనే. నూనె తేలే పచ్చడిని ద్రవంగానే లెక్కేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో పోనివ్వరు. సీసాలో కాకుండా కవరులో సీలు చేయించి, దాన్ని ఇంకో కవరులో పెట్టి, మూతి పైకి ఉండేలా బట్టల మధ్య సర్దండి. పైన గాలి ఒత్తిడి తగ్గి కవరు ఉబ్బుతుంది, నిండా నింపితే పిగులుతుంది. ముప్పావు వంతు నింపితే చాలు.

చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అసలొద్దు. మాంసం ఉన్న ఏ తినుబండారాన్నయినా క్వారంటీన్ పత్రం లేకుండా కొరియాలోకి రానివ్వరు, చెప్పకుండా తెస్తే జరిమానా గట్టిగా పడుతుంది. తాజా పళ్లు కూడా అంతే. మామిడికాయల సీజన్లో వెళ్లేవాళ్లు బుట్ట ఇంటి దగ్గరే వదిలేయండి. రొయ్యల పచ్చడి విషయంలో కూడా అక్కడి అధికారితో వాదన పెట్టుకోవడం కంటే దించేసి వెళ్లడం మేలు.

ఇప్పుడు మీ అమ్మగారు ఊహించని వస్తువు: గసగసాలు. కొరియాలో ఇవి మాదకద్రవ్యాల చట్టం కిందికొస్తాయి. గసగసాలు చల్లిన మసాలా పొడులను కూడా విమానాశ్రయంలో పట్టుకుంటారు. మన ఇళ్లల్లో కోడికూర మసాలాలో, కుర్మా పొడిలో అవి మామూలే కాబట్టి ఇంట్లో దంచిన మసాలా పొట్లం ఏదైనా ఉంటే ఒకసారి అడిగి చూసి పక్కన పెట్టేయండి. కొడీన్ ఉన్న దగ్గు మందుల్ని, నిద్రమాత్రల్ని ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. మామూలు మాత్రలైనా డాక్టరు చీటీతో, అసలు అట్టలోనే ఉంచండి.

బియ్యం, కుక్కరు మోయకండి. అన్నం అక్కడ ప్రతి కిరాణా కొట్టులోనూ డబ్బాల్లో దొరుకుతుంది, మైక్రోవేవ్‌లో 2 నిమిషాలు పెడితే తయారు. కాకపోతే అది పొట్టి గింజ, ముద్దగా అంటుకునే రకం. మొలగొలుకులు తిన్న నోటికి మొదటి రెండు రోజులు వింతగా ఉంటుంది. చాప్‌స్టిక్‌తో ఎత్తడానికి వీలయ్యేది ఆ జిగురు వల్లే. కందిపొడి, నూనె మాత్రం ఆ అన్నంలో పొడిపొడిగా కలవవు. పచ్చడే నయం.

ఛార్జర్ గురించి ఒక ముక్క: అక్కడ 220 వోల్టులే. రెండు గుండ్రటి పుల్లల ప్లగ్గు దూరుతుంది, మన మూడు పుల్లల ప్లగ్గు దూరదు.

32 మంది విద్యార్థులను తీసుకెళ్తున్నాం. అందరినీ ఒకే హోటల్లో కూర్చోబెట్టి తినిపించడం సాధ్యమేనా? అక్కడి పద్ధతులు ముందే చెబితే పిల్లల్ని సిద్ధం చేస్తాను.
– ఒక అధ్యాపకుడు, ఒంగోలు

ముందుగా మాట్లాడుకోకుండా 32 మందితో వెళ్తే చాలా హోటళ్లు గుమ్మం దగ్గరే చేతులెత్తేస్తాయి. చిన్న హోటళ్లలో నలుగురు పట్టే బల్లలు పది కూడా ఉండవు. ఎనిమిదేసి మంది చొప్పున నాలుగు జట్లు చేసి, ఒకే సందులో నాలుగు హోటళ్లకు పంపండి. ఒక్కో జట్టుకు ఒక శాకాహారి, ఒక ఫోన్ అనువాదకుడు, డబ్బు పట్టుకునే ఒకరు ఉండేలా చూసుకోండి. లేదంటే శాకాహారులందరినీ ఒకే జట్టులో పెట్టి వేరే హోటల్ వెతకడం ఇంకా తేలిక. అలా చేస్తే తక్కినవాళ్ల తిండి కూడా పాడవదు.

మధ్యాహ్నం 12 నుంచి 1 దాకా ఆఫీసుల వాళ్ల రద్దీ. 11:15కే కూర్చోండి, లేదా 1:30 తర్వాత వెళ్లండి. 3 నుంచి 5 వరకు చాలాచోట్ల వంటగది మూస్తారు. ఊరు చూసుకుంటూ మూడున్నరకి ఆకలేస్తే ఇక కిరాణా కొట్టు కింబాపే (నాచులో చుట్టిన అన్నం) గతి. అది ముందే చుట్టి పెట్టింది కాబట్టి అందులోంచి హామ్ తీయించుకోవడం కుదరదు.

కాల్చుకు తినే మాంసం, దక్‌గల్బీ (కోడి) లాంటి పెనం వంటలు, పెద్ద గిన్నె పులుసులు కనీసం ఇద్దరికి తగ్గకుండా ఆర్డరు చేయమంటారు. ‘నలుగురం కూర్చుంటాం, ఒక్కటే చెబుతాం’ అన్న మన టీ కొట్టు లెక్క అక్కడ మర్యాద కాదు. అన్నంతో పాటు వచ్చే చిన్న గిన్నెల కూరలు, పచ్చళ్లను బన్‌చన్ అంటారు. వాటికి విడిగా డబ్బు తీసుకోరు, అయిపోతే మళ్లీ పెడతారు. కానీ అడిగి తెప్పించుకుని వదిలేస్తే ముఖం చిట్లిస్తారు. మంచినీళ్లు చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి. చెంచాలు కనపడకపోతే కంగారు పడక్కర్లేదు, బల్ల పక్కన సొరుగు లాగితే ఉంటాయి. పిలవడానికి బల్ల మీద బొత్తాం ఉంటుంది, లేకపోతే ‘జొగియో’ అంటే సరి. టిప్పు ఇవ్వరు, వదిలేసి వస్తే వెంట పరుగెత్తుకొచ్చి తిరిగిస్తారు. బిల్లు గుమ్మం దగ్గర గల్లా పెట్టెలో కట్టాలి. ఎనిమిది మందికి ఎనిమిది బిల్లులు అడగకండి, ఒకరు కట్టి తర్వాత పంచుకోండి.

గొడ్డుమాంసం, పంది మాంసం తినని పిల్లల కోసం ఈ పేర్లు: సో-గోగీ గొడ్డుమాంసం, ద్వేజి-గోగీ పంది, దక్-గోగీ కోడి. మోసపోయేవి మూడు. నల్లటి సాసు నూడుల్స్ జజంగ్‌మ్యొన్ చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది, సాసులో పంది ముక్కలుంటాయి. మండూ అనే కుడుముల్లో కూరేది ఎక్కువగా పందే. ఇక ‘సుందే’ను ఇంగ్లిషు బోర్డు మీద మన ఐస్‌క్రీమ్ సండే స్పెల్లింగుతోనే రాస్తారు. అది పంది పేగులో రక్తం, సేమ్యా కూరి ఉడికించినది. తీపి కోసం వెళ్లిన పిల్లలు ప్లేటు చూసి బిత్తరపోతారు.

నేను ముస్లిం విద్యార్థిని. హలాల్ దొరుకుతుందా?
– నెల్లూరు

సియోల్లో ఇటేవన్ ప్రాంతానికి వెళ్లండి. 1976లో తెరిచిన సెంట్రల్ మసీదు అక్కడే ఉంది, ఆ వీధుల్లో హలాల్ హోటళ్లు, దుకాణాలు ఉన్నాయి. మిగతా చోట్ల చేప వంటలు తినొచ్చు. కానీ ఉడికించేటప్పుడు వాసన పోవడానికి వంట సారా పోయడం మామూలే, దాన్ని కూడా అడగండి. గూక్ అనే చారుల్లో కొన్నింటిని గొడ్డు ఎముకల నీళ్లతో చేస్తారని గుర్తుపెట్టుకోండి.

వెళ్లే ముందు హాస్టల్లోనే కిమ్చీ చేసి చూద్దామనుకుంటున్నాం. ఒకసారి చేశాం, రెండు రోజులకే మెత్తబడి, జిగురు తీగలు సాగి కంపు కొట్టింది. ఎక్కడ తప్పాం?
– నలుగురు స్నేహితురాళ్లు, నెల్లూరు

మీరు ఆవకాయ లెక్కన ఆలోచించి ఉంటారు. ఆవకాయను ఉప్పు, నూనె, ఆవపిండి కాపాడతాయి. కిమ్చీని కాపాడేది పులుపు. క్యాబేజీ మీద సహజంగా ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా అందులోని చక్కెరను తిని పులుపు పుట్టిస్తుంది, ఆ పులుపులో చెడ్డ సూక్ష్మజీవులు బతకలేవు. ఆ పని సాగాలంటే చివరికి కిమ్చీలో ఉప్పు నూటికి 2 నుంచి 3 వంతులుండాలి. తక్కువైతే మెత్తబడి జిగురొస్తుంది, మరీ ఎక్కువైతే పులవదు. మీది ఉప్పు చాలక, పైగా మన వేడికి బయటే ఉంచడం వల్ల పాడైంది.

ఇలా చేయండి. పొడవాటి చైనా క్యాబేజీ 1 కిలో. అది దొరక్కపోతే మన గుండ్రటి క్యాబేజీ చాలు, కాస్త గట్టిగా ఉంటుందంతే. రెండంగుళాల ముక్కలు కోసి, 100 గ్రాముల కల్లుప్పును అర లీటరు నీళ్లలో కలిపి పోయండి. ఉప్పును తూకం వేయండి, చెంచాలతో కొలవొద్దు. సన్న ఉప్పు ఒక గుప్పెడు, కల్లుప్పు ఒక గుప్పెడు ఒకే బరువు తూగవు. అరగంటకోసారి కిందివి పైకి తిప్పుతూ 2 గంటలు, గుండ్రటి క్యాబేజీ అయితే 3 గంటలు ఉంచండి. ఎప్పుడు చాలు అంటే, దళసరి తెల్ల కాడ ఒకటి తీసి రెండు వేళ్లతో వంచండి. టప్పున విరిగితే ఇంకా ఊరాలి. విరక్కుండా రబ్బరులా వంగి చివరలు కలిస్తే అయినట్టు. ఇక్కడ తొందరపడితేనే తర్వాత నీళ్లూరి కారమంతా అడుక్కి జారిపోతుంది.

మూడుసార్లు కడిగి, చిల్లుల గిన్నెలో గంటసేపు ఒడకట్టండి. ఒక ముక్క కొరికితే కూరలో ఉప్పు కంటే ఒక పిసరు ఎక్కువ అనిపించాలి.

ఈలోగా 200 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక పెద్ద చెంచా బియ్యప్పిండి కలిపి పల్చటి గంజిలా కాచి, బాగా చల్లార్చండి. వేడి గంజి పోస్తే ఆ మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అందులో 40 గ్రాముల మిరప రవ్వ, 30 గ్రాముల వెల్లుల్లి, చిన్న అల్లం ముక్క, అర ఉల్లిపాయ, అర ఆపిల్ నూరి కలపండి. చేప రసం బదులు 2 పెద్ద చెంచాల సోయా సాస్. గుంటూరు కారం మాత్రం వాడొద్దు, 40 గ్రాములు పడితే నోట్లో పెట్టుకోలేరు. కొరియా మిరప రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. బ్యాడిగి మిరపకాయలు గింజలు దులిపి బరకగా ఆడిస్తే దానికి దగ్గరగా వస్తుంది. 150 గ్రాముల ముల్లంగి సన్నగా తరిగి, గుప్పెడు ఉల్లికాడలతో కలిపి, క్యాబేజీకి పట్టించండి. చేతికి తొడుగు వేసుకోండి.

గాజు సీసాలో ముప్పావు వంతే నింపి, గాలి బుడగలు లేకుండా అదిమి, ముక్కలన్నీ రసంలో మునిగేలా చూడండి. గ్యాసు పుడుతుంది కాబట్టి మూత బిగించకుండా వదులుగా పెట్టి, కింద పళ్లెం ఉంచండి. సియోల్లో చల్లటి కాలంలో రోజు, రెండు రోజులు బయట ఉంచుతారు. మన మే నెల గదిలో 8 నుంచి 12 గంటలు చాలు. గరిటెతో నొక్కితే బుడగలొచ్చి పుల్లటి వాసన తగలగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. నాలుగో రోజు నుంచి రుచిగా ఉంటుంది. మూడు వారాలు దాటి బాగా పులిసిందాన్ని పారేయకండి. పులుసుకు, అట్లకు అదే కావాలి.

కొరియాలో చలికాలం ముందు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కూడి రాశుల కొద్దీ కిమ్చీ పెట్టుకోవడాన్ని కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. ఎండాకాలంలో మన పచ్చళ్ల హడావిడిని వాళ్లు చలికి ముందు చేస్తారన్నమాట. కిమ్చీ చేయించే తరగతి ఉంటే మీ యాత్ర పట్టికలో పెట్టించుకోండి. ‘చేప రసం లేకుండా’ అని బుక్ చేసే రోజే చెప్పాలి. అక్కడికెళ్లాక చెబితే కారం ముద్ద అప్పటికే కలిపేసి ఉంటుంది.

అక్కడి విద్యార్థులు, ప్రొఫెసర్లతో కలిసి భోజనం ఉంది. చాప్‌స్టిక్‌లు రావు. పరువు పోతుందా?
– ఒక విద్యార్థి, చీమకుర్తి

చాప్‌స్టిక్‌లు రాకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ అన్నం, చారు తినేది చెంచాతోనే, పుల్లలు పక్క కూరలకు. వాళ్ల పుల్లలు స్టీలువి, పల్చగా జారుడుగా ఉంటాయి. ఇంట్లో రెండు పెన్సిళ్లతో వేరుశనగ గింజలు ఎత్తడం వారం రోజులు చేస్తే సరిపోతుంది. పరువు పోయే చోట్లు వేరే ఉన్నాయి. పెద్దవాళ్లు చెంచా ఎత్తకముందే మొదలుపెట్టకూడదు. అన్నం గిన్నె చేత్తో పైకెత్తకూడదు. అన్నంలో చెంచా గానీ పుల్లలు గానీ నిలువుగా గుచ్చకూడదు, అది పితృదేవతలకు పెట్టేటప్పటి తీరు. మన ఇళ్లలో భోజనాల బంతిలో పిండం ఆకారం చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బల్ల దగ్గర గట్టిగా ముక్కు చీదకండి. కారానికి ముక్కు కారితే లేచి బయటికెళ్లండి.

ఏదిచ్చినా, పుచ్చుకున్నా రెండు చేతులతో, లేదా కుడిచేతికి ఎడమచెయ్యి ఆనించి. ఇది మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పాలకూర ఆకులాంటి దాంట్లో మాంసం, అన్నం పెట్టి మడిచి ఎవరైనా మీకిస్తే కిళ్లీలాగా మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి, సగం కొరక్కూడదు. తినేముందు ‘జల్ మొక్‌కెస్సుమ్నిదా’, లేచేముందు ‘జల్ మొగొస్సుమ్నిదా’. మీ వయసు అడిగితే నొచ్చుకోకండి. అన్న అనాలా, పేరు పెట్టి పిలవాలా, ఏ మర్యాద క్రియ వాడాలా అన్నది వయసును బట్టే తేలుతుంది.

కొరియన్ అక్షరాలు నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?
– ఇంటర్ విద్యార్థిని, కోవూరు

గుణింతం తెలిసినవాళ్లకు వారం. 1443లో సెజొంగ్ రాజు రూపొందించి 1446లో ప్రకటించిన లిపి ఇది. ప్రాథమిక హల్లులు 14, అచ్చులు 10. హల్లు, అచ్చు, అవసరమైతే కింద ఇంకో హల్లు కలిపి ఒక గడిలో పేరుస్తారు. మనం తలకట్టు, ఒత్తు పెట్టే లెక్కే. వాక్యం కూడా మన వరసలోనే నడుస్తుంది: ‘నానున్ పాబుల్ మొక్నుందా’, నేను అన్నం తింటాను. ఉన్, ఉల్ లాంటి విభక్తులు మాట చివర అతుకుతాయి. ఇంగ్లిషు మీదుగా నేర్చుకుంటే ఈ సుళువు పోతుంది, నేరుగా తెలుగులో వరస పెట్టుకుని నేర్చుకోండి. దగ్గర్లో తరగతులు కావాలంటే చెన్నైలో ఇన్‌కో సెంటర్ ఉంది. హ్యుందాయ్ ఫ్యాక్టరీ పుణ్యమా అని కొరియన్ హోటళ్లు కూడా అక్కడ చాలానే ఉన్నాయి. యాత్రకు ముందు ఒక పూట వెళ్లి స్టీలు పుల్లలు పట్టి చూడొచ్చు.

హన్‌బొక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) వేసుకుని రాజభవనం దగ్గర ఫొటోలు దిగాలని ఉంది.
– డిగ్రీ విద్యార్థిని, కావలి

1395లో కట్టిన గ్యొంగ్‌బొక్‌గుంగ్‌కు మంగళవారం సెలవు, ఆ రోజు పట్టికలో పడకుండా చూడండి. హన్‌బొక్ వేసుకున్నవాళ్లకు టికెట్ ఉండదు. కానీ పైదీ కిందదీ రెండూ ఉండాలి. చుట్టుపక్కల దుకాణాల్లో గంటల లెక్కన అద్దెకిస్తారు. 20 మంది ఒకేసారి వెళ్తే తొడుక్కోవడానికే ముప్పావు గంట పోతుంది, ఉదయం కొట్టు తెరిచే వేళకే వెళ్లండి. పావడా నేలకు తగులుతుంది, మెట్ల దగ్గర చీర కుచ్చెళ్లు ఎత్తినట్టు ముందువైపు ఎత్తి పట్టుకోండి. పక్కనున్న బుక్‌చొన్ పాత ఇళ్ల వీధుల్లో జనం కాపురాలున్నాయి. కొంత భాగంలోకి యాత్రికుల్ని ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే రానిస్తారు, ఆ వేళ దాటితే జరిమానా.

జిమ్‌జిల్‌బాంగ్ అనే ఆవిరి స్నానశాల పట్టికలో ఉంది. అక్కడ బట్టలు లేకుండా స్నానం చేయాలంటున్నారు, నిజమేనా? మా అమ్మాయికి భయంగా ఉంది.
– ఒక తండ్రి, ఒంగోలు

సగం నిజం. లోపల రెండు భాగాలుంటాయి. స్నానపు తొట్లున్న భాగం ఆడవాళ్లకు, మగవాళ్లకు పూర్తిగా వేరు. అక్కడ బట్టలుండవు, ఈత దుస్తులు కూడా వేసుకోనివ్వరు. రెండోది అందరూ కలిసి కూర్చునే వేడి గదుల హాలు. వాళ్లే ఇచ్చే టీషర్టు, నిక్కరు వేసుకుని ఉంటారు. స్నానం వద్దనుకుంటే లాకరు గదిలో మూలన ఆ బట్టలు మార్చుకుని నేరుగా హాల్లోకి వెళ్లొచ్చు, ఎవరూ అడగరు. బస చేసిన చోటే స్నానం చేసి వెళ్లమనండి. వేడి గదిలో మొదటిసారి 10 నిమిషాలు మించి కూర్చోవద్దు, తిన్న వెంటనే అసలొద్దు. బయటికొచ్చాక సిఖ్యే అనే చల్లటి తీపి బియ్యం పానీయం తాగితే ఒంట్లో నీరు తిరిగొస్తుంది. లాకరు తాళం చేతికి కట్టుకునే పట్టీలో ఉంటుంది, లోపల కొన్నవన్నీ దాని మీదే రాస్తారు. అది పారేసుకుంటే డబ్బు కట్టాలి.

దారి తప్పినా, భాష అడ్డమైనా 1330కి ఫోన్ చేస్తే ఇంగ్లిషులో మాట్లాడతారు. అంబులెన్సుకు 119, పోలీసులకు 112. ఈ మూడు అంకెలూ ఫోన్లోనే కాదు, ఒక కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. సియోల్ చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా అయిపోతుంది.